కమిషన్ కన్నా ఓనరమ్మ నయం

మతం మారితే కులం పోతుందా? ఇది తేల్చమని ఢిల్లీ 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. గడువు రెండేళ్లు. ఆ తర్వాత గడువుకే గడువిచ్చారు. పోదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది కదా అంటే, అది వేరే ప్రభుత్వం అడిగిన ప్రశ్నట! 2004లో దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా వ్యాజ్యం సుప్రీంకోర్టు మెట్లెక్కినప్పుడు పుట్టిన పిల్లలు ఇవాళ ఉస్మానియాలో పీజీ చదివే వయసుకొచ్చారు.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. దళిత క్రైస్తవులు, ముస్లింలు గడప బయటే. ఏటా ఆ తేదీన చర్చిలు బ్లాక్ డే పాటిస్తాయి. దళిత క్రైస్తవులకూ హోదా ఇవ్వమని 2023లో ఏపీ అసెంబ్లీ తీర్మానమూ చేసి పంపింది.

ఇంత ప్రయాస దేనికండీ? ఒక ఉస్మానియా కుర్రాణ్ని తార్నాకలో టులెట్ బోర్డున్న గేటు దగ్గరికి పంపండి. మెడలో శిలువ వేలాడుతున్నా సరే, ఓనరమ్మ ఊరడిగి, ఇంటిపేరడిగి, "ఇంతకీ మీరేమిట్లు బాబూ?" అంటుంది. టీఏ, డీఏ అక్కర్లేదు. "గది నిన్ననే ఇచ్చేశాం" అని నివేదిక అక్కడికక్కడే సమర్పిస్తుంది.

చర్చి పెద్దలు మాత్రం తక్కువా? ఢిల్లీకిచ్చే వినతిపత్రంలో శాంతి, న్యాయం, సమానత్వం. పెళ్లి ప్రకటనలో "రోమన్ క్యాథలిక్ రెడ్డి వధువు కావలెను". కమిషన్‌వారు ఆ పేజీ కత్తిరించి సాక్ష్యంగా జతచేసుకోవచ్చు. ఆదివారం పేపర్లో దొరుకుతుంది.