హార్ముజ్ పేరు చెప్పి కొన్న మిథనాల్

హార్ముజ్ జలసంధి గురించి నాకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ తెలుసు. కొంప ముంచింది అదే. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు 33 కిలోమీటర్లు, అందులో ఓడలు పోయే దారి ఒక్కోవైపు రెండేసి మైళ్లే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, అంటే ప్రపంచం వాడేదాంట్లో అయిదో వంతు, అటునుంచే పోయింది. ఖతర్ గ్యాసుదీ అదే దారి. బొంతపల్లిలో ఓ చిన్న మందుల ఫ్యాక్టరీలో పర్చేజ్ చూసుకునేవాడికి ఇదంతా దేనికంటారా? మేం వాడే సాల్వెంట్లలో మిథనాల్ ముఖ్యం. దాన్ని గ్యాసు నుంచి తీస్తారు. మన దేశానికి చాలావరకు గల్ఫ్ నుంచే ఓడల్లో వస్తుంది, అందులో ఇరాన్ సరుకు తక్కువేం కాదు.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టింది. మర్నాడు ఇరాన్‌లోని సౌత్ పార్స్ గ్యాసు ప్లాంటు అంటుకుందనేసరికి నాలో పండితుడు మేలుకున్నాడు. వీరభద్రస్వామి గుడి దారిలో టీ కొట్టు దగ్గర నిలబడి, ఫోన్లో మ్యాపు తీసి, కనబడ్డవాడికల్లా జలసంధి చూపించాను. బామ్మర్దికి ఫోన్ చేసి బండి ట్యాంకు నింపుకోమన్నాను. బంకులో రేటు 2024 మార్చి నుంచి అప్పటిదాకా పెద్దగా కదల్లేదు, ఆ గొడవలోనూ కదల్లేదు. బామ్మర్ది ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

22 ఆదివారం అమెరికా ఇరాన్‌లోని ఫోర్దో అణుకేంద్రం మీద బాంబులేసింది. జలసంధి మూసెయ్యాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించింది. తీర్మానంతో పని కాదనీ, చివరి మాట వాళ్ల జాతీయ భద్రతా మండలిదేననీ వార్తలో కింద ఉంది. నేను కిందిదాకా చదివితే కదా! సోమవారం పొద్దున బ్రెంట్ ముడిచమురు బ్యారెల్ 80 డాలర్లు దాటింది, దాడులకు ముందు 70 లోపే ఉండేది. మా మిథనాల్ డీలరు "మధ్యాహ్నం రేటు నేను చెప్పలేను సార్" అన్నాడు. అంతే, ట్యాంకరు చాలదని డ్రముల్లో కూడా పంపమన్నాను. మా సారు "ఇంత అవసరమా?" అంటే "యుద్ధం సార్" అన్నాను. ఆ మాటకు ఎవరు ఎదురు చెప్తారు?

ఆ రాత్రే ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులేసింది. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, టీవీ ముందు కూర్చుని సంబరపడ్డాను. తెల్లారి చూస్తే చమురు ధర పడిపోయి ఉంది! క్షిపణులు పోయింది స్థావరం మీదికి, ఓడల మీదికి కాదు. ఇరాన్ జలసంధి జోలికి పోవట్లేదని మార్కెట్ అర్థం చేసుకుంది. 24న కాల్పుల విరమణ, బ్రెంట్ 67 దగ్గరికి దిగింది. ఆ పన్నెండు రోజులూ జలసంధిలో చమురు ఓడలు నడుస్తూనే ఉన్నాయి. పెరిగింది ఆగిన చమురు ధర కాదు, ఆగుతుందేమోనన్న భయం ధర. దాన్ని బీమావాళ్లు, ఓడలవాళ్లు, లండన్‌లో కాగితం మీద చమురు కొనేవాళ్లు మొదటి రోజే కొనిపెట్టుకున్నారు. వాళ్లు అమ్ముకునే వేళకు నేను కొన్నాను.

ఇలాంటి రోజుల కోసమే విశాఖలో కొండ కింద గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే ఏర్పాటుంది. దేశానికి అది తగిన పని. నాకున్నది రేకుల షెడ్డు.

డ్రములు దిగుతుంటే స్టోర్స్ పెద్దాయన అడిగాడు: "సార్, గింత సరుకు యాడ పెడ్దమంటరు?" లైసెన్సులో రాసిన దానికి మించి ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గోడ పక్కన పేర్పించి పైన టార్పాలిన్ కప్పించాను. ఎండకు ఉబ్బిన మూతలు సాయంత్రం చల్లబడగానే టంగుమని లోపలికి దిగేవి. ఆ చప్పుడుకి వాచ్‌మన్ రెండుసార్లు టార్చి వేసుకుని వచ్చాడు. మిథనాల్ అంటుకుంటే పగటి వెలుగులో మంట సరిగా కనబడదు. వేడి తగిలాకే తెలుస్తుంది. ఈ సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఏటా చెప్పేది నేనే.

జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలింది. యాభై మందికి పైగా పోయారు. అక్కడి సంగతి వేరు, సాల్వెంట్ గొడవ కాదు. అయినా ఆ వార్త విన్న దగ్గర్నుంచి నా కళ్లు టార్పాలిన్ మీదే. రెండు వారాలుగా వేల కిలోమీటర్ల అవతల ఏం అంటుకుంటుందోనని లెక్కలు కట్టాను. లంచ్‌కి మావాళ్లు నడిచే దారికి నాలుగడుగుల్లో నేను పెట్టించినదాన్ని మాత్రం సరుకు అనే అనుకున్నాను. ఆ సాయంత్రమే డీలరుకు ఫోన్ చేసి డ్రములు వెనక్కి తీసుకోమని బతిమాలాను.

తీసుకున్నాడు, దిగిన రేటుకు. లోడింగు, లారీ కిరాయి మావే. నష్టం ఎంతో మా సారు కాగితం మీద రాసి, ఏమీ అనకుండా నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. లారీ కదిలేముందు డీలరు అన్నాడు: "మళ్లీ హార్ముజ్‌లో ఏమన్నా అయితే ముందు నాకే చెప్పండి సార్." వెటకారమో, వ్యాపారమో నాకింకా తేలలేదు.