పావురం ఎగిరాక నొక్కినా ఫర్లేదు

1591 నుంచి చార్మినార్ ఉన్నచోటే ఉంది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం మన కుర్ర ఫొటోగ్రాఫర్లకు సెకనుకు 120 ఫ్రేములు కావాలట! 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఆల్ఫా 9 మూడో తరం మిర్రర్‌లెస్ కెమెరా ఆ వేగం ఇస్తుంది. మీట నొక్కడానికి ముందు గడిచిన సెకనును కూడా దాచిపెడుతుంది. మక్కా మసీదు పావురాలు లేచిపోయాక తేరుకునేవాళ్లకు ఇంకేం కావాలి?

పాత కెమెరా చేసిన పాపమేమిటి? ఏమీ లేదు. కొత్తది వచ్చింది, అంతే.

పెళ్లి ఫొటోగ్రాఫర్ మొర వేరు లెండి. ఫంక్షన్ హాలులో ఎల్‌ఈడీ తెర వెలిగితే బొమ్మ మీద చారలు పడతాయి. సెన్సర్ వెలుగును వరసలవారీగా చదవడం వల్ల వచ్చే తంటా ఇది. ఈ ఆల్ఫాలో ఉన్న, అంతా ఒక్కసారే చదివే గ్లోబల్ షట్టర్‌తో అది చాలావరకు వదులుతుంది. ఇక కోరికల చిట్టాలో మిగిలినవి: పూల సెహ్రా చాటున దూల్హా కన్ను వెతికిపట్టే ఫోకస్, పెళ్లివారు బాకీ తీర్చేదాకా ఫొటోలు విప్పని తాళం. రెండోదాన్ని ఏ కంపెనీ పట్టించుకోదేం?

నిజాం కాలపు ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ గాజు పలకలతోనే ఫలక్‌నుమా ప్యాలెస్ వైభవాన్ని పట్టారు. మెచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చారు. మనవాళ్లు వాయిదాల మీద కెమెరా కొని, బిరుదు ఇన్‌స్టాగ్రామ్‌లో తమకు తామే ఇచ్చుకుంటున్నారు.