ఉచిత కాపలాదారులు

ప్రతి కుటుంబంలోనూ ఒక గోప్యతా వీరుడు ఉంటాడు. ఆయన బ్రౌజర్ తెరిస్తే కుడివైపు పైమూలన రంగురంగుల గుర్తులు బారులు తీరి ఉంటాయి. ఒకటి ప్రకటనల్ని ఆపేది, ఇంకొకటి మన జాడ పట్టేవాళ్లను ఆపేది, పక్కది ఈ రెండూ సరిగ్గా ఆపుతున్నాయో లేదో చూసేది, ఇవి చాలవన్నట్టు ఉచిత వీపీఎన్ ఒకటి. పండక్కి అత్తారింటికి వచ్చినా ఆయన చేతులు ఊరుకోవు. మామగారి ల్యాప్‌టాప్ తెరిచి, "ఇంటర్నెట్లో ఇంత బోడిగా ఎలా తిరుగుతున్నారండీ!" అని నొచ్చుకుని, గారెలు చల్లారేలోగా నాలుగు ఎక్స్‌టెన్షన్లు ఎక్కించేస్తాడు.

ఎక్కించే ముందు క్రోమ్ ఒక మాట అడుగుతుంది పాపం. అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటా మొత్తం చదవడానికీ, మార్చడానికీ దీనికి అనుమతి ఇస్తారా అని. అన్నీ అంటే అన్నీ. బ్యాంకు ఖాతా, మెయిలు, షుగర్ టెస్టు రిపోర్టు, చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్న సైటు. చదవడం సరే, మార్చడమెందుకు అని మామగారు అడగరు, అల్లుడు చెప్పడు. నాలుగున్నర నక్షత్రాలున్నాయి, పేరులో 'సెక్యూర్' ఉంది, ఇంకేం కావాలి?

పేరుదేముంది! 'వెబ్ ఆఫ్ ట్రస్ట్' అనే ఎక్స్‌టెన్షన్ సంగతే చూడండి. ఏ సైటును నమ్మొచ్చో, ఏది కూడదో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో చెప్పేది. 2016లో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ విలేకరులు తవ్వి చూస్తే, వాడినవాళ్లు ఎక్కడెక్కడ తిరిగారన్న చిట్టా అంతా డేటా వ్యాపారుల చేతికి చేరుతోందని తేలింది. ఊరందరికీ నమ్మకం మార్కులు వేసింది గానీ తన పేపరు మాత్రం దిద్దుకోలేదు.

అవాస్ట్ కథ ఇంకా రసవత్తరం. పేరుమోసిన యాంటీవైరస్ కంపెనీ. మీ వెంటపడేవాళ్లను ఆపుతామని చెప్పి, తన ఎక్స్‌టెన్షన్లతో తానే వెంటపడింది. జనం చూసిన సైట్ల వివరాలు పోగేసి, జంప్‌షాట్ అనే పిల్ల కంపెనీ ద్వారా వందకు పైగా సంస్థలకు అమ్మింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. కంచే చేను మేయడం మన పెద్దలకు తెలుసు. మేసినదాన్ని తూకం వేసి అమ్ముకునే కంచెను వాళ్లు ఊహించి ఉండరు.

మరి నిజాయితీపరుడు తయారుచేసినది దొరికితే? దొరుకుతుంది. కానీ ఆయనా మనిషే, ఆయనకూ ఈఎంఐలుంటాయి. 'గ్రేట్ సస్పెండర్' ఇరవై లక్షల మందికి పైగా మెచ్చి వాడుకున్న ఎక్స్‌టెన్షన్. 2020లో దాన్ని ఊరూపేరూ బయటపెట్టని వాళ్లకు అమ్మేశారు. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందని గూగుల్ పీకేసింది. యజమాని మారాడన్న కబురు వాడుకునేవాళ్లకు అందదు. అప్‌డేట్ మాత్రం దానంతటదే ఠంచనుగా వచ్చి కూర్చుంటుంది.

ఇంకో తమాషా. పేజీలో ఎక్స్‌టెన్షన్లు చేసే మార్పులను బట్టి పెట్టుకున్నవాటిలో కొన్నింటినైనా సైట్లు పసిగట్టగలవు. అందరిలాంటి బ్రౌజరైతే గుంపులో కలిసిపోయేది. పదకొండు ఎక్స్‌టెన్షన్ల మేళం కట్టుకున్న మన వీరుడు మాత్రం, ఎవరికీ కనపడకూడదన్న పట్టుదలతో, జిల్లా మొత్తానికి ఒక్కడిగా నిలుస్తాడు.

నన్నడిగితే, ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటి ఉంచి మిగతావి పీకేయడం మేలు. దాన్ని రాసిన రేమండ్ హిల్ చందాలు కూడా పుచ్చుకోడు. కాపలాకు కూలి ఎవరిస్తున్నారని ఆరా తీస్తే జవాబు దొరికే చోట్లు తక్కువ, ఇది వాటిలో ఒకటి. కానీ ఈ సలహా వీరుడికి నచ్చదు. మూలన ఒక్క గుర్తుంటే మామగారి ముందు పరువేముంటుంది?

పైగా ఆయనకు క్రోమే కావాలి. ప్రకటనల మీద బతికే గూగుల్ తన బ్రౌజర్ నిబంధనలు మార్చి, అదే యూబ్లాక్ ఆరిజిన్‌ను అందులోంచి సాగనంపింది. అయినా ఆయన ఏం నొచ్చుకోలేదు. అచ్చం అలాంటి పేరుతోనే ఉన్న ఇంకేదో వెతికి పట్టుకున్నాడు. గూగుల్ ఖాతాలో లాగిన్ అయి, సింక్ కూడా నొక్కాడు. రేపు ల్యాప్‌టాప్ పాడైపోయినా ఈ రక్షణ జాబితా ఎక్కడికీ పోదట, గూగుల్ దగ్గర భద్రంగా ఉంటుందట.