వేలిముద్రల యంత్రం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హాజరు యంత్రం వారి సముఖానికి,

రాయదుర్గంలో మా పదకొండో అంతస్తు గుమ్మం పక్కన గోడమీద కొలువై ఉన్న తమకు ఉద్యోగుల సంఘం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇంతకుముందు మేనేజర్లకు రాశాం. ‘సిస్టమ్‌లో అలా ఉంది’ అన్నారు. ఆ సిస్టమ్ తమరే కనుక నేరుగా తమకే రాస్తున్నాం.

2020 మార్చి గుర్తుందా? కరోనా భయంతో అందరికంటే ముందు సెలవు దొరికింది తమకే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లోనే వేలిముద్రలు ఆపేశారు, మనమెంత? తమ మీద పాలిథిన్ సంచి కప్పి, మా చేతికి లాప్‌టాప్ ఇచ్చి ఇళ్లకు పంపారు. మమ్మల్నెవరూ అడగలేదు. అది అడిగే సమయం కాదు, ఒప్పుకుంటాం.

ఆ రోజుల లెక్క తమ దగ్గర లేదు, అందుకే చెబుతున్నాం. కూకట్‌పల్లి ఇరుకు ఫ్లాట్లలో భోజనాల బల్లే ఆఫీసైంది. కరెంటు బిల్లు మాది, నెట్ బిల్లు మాది, నడుంనొప్పీ మాదే. ఊళ్లకెళ్లినవాళ్లు సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నెత్తిన తువాలు కప్పుకుని మీటింగుల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు మ్యూట్ నొక్కి కుక్కర్ దింపారు. రాత్రి పదకొండుకి మేనేజర్లు మెసేజ్ పెట్టి, ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అన్నారు. ఎన్ని గంటలైందని అడిగిన యంత్రం ఒక్కటీ లేదు.

ఇప్పుడు మళ్లీ రమ్మన్నారు. వస్తున్నాం. బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వస్తే కుర్చీ ఉండదు, ముందురోజే యాప్‌లో బుక్ చేసుకోవాలట. కొత్త సినిమాకి మొదటి ఆట టికెట్ నయం. దొరికిన మూల కూర్చుని, పుణేలో ఉన్న మేనేజర్‌తో వీడియోలో మాట్లాడతాం. గాలి ఆడని గదుల్లో రోగం పాకుతుందని అన్నాళ్లు చెప్పారా, మా కిటికీలు ఇప్పటికీ తెరుచుకోవు.

అలాగని ఇంటి నుంచి పనే ముద్దని మేం అనడం లేదు. మా సంఘానికి సభ్యులు దొరికేది గేటు బయట టీ బండి దగ్గరే. ఇళ్లలో ఉన్నన్నాళ్లూ రసీదు పుస్తకం తెరవలేదు. (ఈ సంగతి హెచ్ఆర్ దాకా పోనివ్వకండి.) మా బాధ వేరు. పంపినప్పుడూ అడగలేదు, పిలిచినప్పుడూ అడగలేదు. 2020 చివర్లో కేంద్రం సేవారంగానికి రాసిన ముసాయిదా ఉద్యోగ నిబంధనల్లో, అంటే స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఇంటి నుంచి పనికీ చోటిచ్చారు. యజమాని అనుమతించవచ్చట, ఎంతకాలమో కూడా ఆయనే తేలుస్తాడట. ఇక రోజుకు 8 గంటలన్న మన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉందా, ఆ పనిగంటల సెక్షన్ నుంచి ఐటీ కంపెనీలకు ప్రభుత్వాలు మినహాయింపులు పొడిగిస్తూనే వచ్చాయి. తొమ్మిది గంటలకు పది నిమిషాలు తగ్గితే సగంరోజు సెలవు కోసే తమకు, పన్నెండు గంటలైతే మాత్రం చూపు ఆనదు.

కనుక మా మనవి చిన్నదే. కోతకు లెక్కపెట్టినట్టే అదనపు గంటలూ లెక్కపెట్టండి, ఇంట్లో చేసిన వాటితో సహా. ఏ రోజు ఇంట్లో, ఏ రోజు ఆఫీసులో అన్నది మాతో కూర్చుని తేల్చమని పైవాళ్లకు చెప్పండి. వచ్చే సోమవారం వినతిపత్రం తెస్తాం. అందరి వేలిముద్రలూ తమ దగ్గరే ఉన్నాయి కాబట్టి సంతకాలు విడిగా జతచేయడం లేదు.

ఇట్లు,
ఈ ఉదయం మూడోసారికి గానీ తమరు గుర్తుపట్టని,
సంఘ కార్యదర్శి