తైలసంజీవని

కోలాచలం మల్లినాథసూరి మెదకు సీమవాడు. రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష రాసినవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసుకున్నాడు. మొదటి షరతుకు నేను ఎలాగోలా కట్టుబడతాను గానీ రెండోదానికి పూచీపడను. నాకు దొరికిన మూలంలోనే అక్కర్లేని సరుకు అంత ఉంది.

అవతారిక. డాలస్ చుట్టుపక్కల తెలుగువాడు ఇల్లు కొంటే దాంతోపాటు గడ్డి వస్తుంది. గడ్డి వెంట కాలనీ సంఘంవారి తాఖీదులు వస్తాయి. తాఖీదులకు జడిసి గడ్డి కోసే యంత్రం కొంటాడు, ఆ పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. అందులో నూనె ప్రకరణం రాసినవారికి ఇంజనీరింగు కంటే ధర్మశాస్త్రం మీద మక్కువ ఎక్కువ కాబోలు. ప్రతి వాక్యమూ విధి, లేదా నిషేధం. ప్రతి నిషేధం కిందా వారంటీ పోతుందని శాపం. ఇది చాలదన్నట్టు శనివారం విందుల్లో తైలాచార్యులు తయారవుతారు. బిర్యానీ అయ్యాక గ్యారేజీలో నిలబడి, "ఏమండీ, మీరింకా మామూలు ఆయిలే పోస్తున్నారా?" అని, నూతిలో దూకబోతున్నవాణ్ణి చూసినట్టు మనల్ని చూస్తారు. వీరిలో చాలామంది తమ యంత్రం మూత తిప్పి లోపలికి చూసిన పాపాన పోలేదు. అందుచేత ఆ ప్రకరణాన్నంతా తేటగీతిలోకి దించి, దానికి టీక కూడా నేనే రాయబూనాను.

గడ్డి కోసెడు యంత్రంపు గర్భమందు
ముప్పదను నంకె గల నూనె ముదముతోడఁ
గొలతపుల్లను గీతకుఁ గొంచెమైన
మించనీకుండఁ బోయుఁడు మేలు గలుగు.

ప్రతిపదార్థం. గర్భమందు = లోపల; నూనె = నూనె; పోయుఁడు = పోయండి. ఇలాంటివి బడిపిల్లలకూ తెలుసు గనక వదిలేస్తున్నాను.

గడ్డి: ఇది మామూలు గడ్డి అనుకునేరు. ఇక్కడివాళ్లు బెర్ముడా గ్రాస్ అని డబ్బు పోసి చాపల్లా పరిపించుకునేది మన గరికే. చవితినాడు వినాయకుడికి దూర్వాయుగ్మంగా సమర్పించేదీ, మన రైతు కలుపని తిట్టుకుంటూ పీకి గట్టున పారేసేదీ ఇదే. ఈ గరిక చలికాలంలో గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

యంత్రం: 1830లో ఇంగ్లండులో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన ఉన్నిబట్ట మీద నూగు కత్తిరించే మరను చూసి దీన్ని కల్పించాడు. దానికి ఇంజనూ లేదు, నూనె తగాదాలూ లేవు.

ముప్పదను నంకె: అమెరికాలో 1905లో పుట్టిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, అనగా ఎస్‌ఏఈ, 1911లో నూనెలకు తరగతులు కట్టింది. అంకె చెప్పేది చిక్కదనాన్ని. నాణ్యం సంగతి దానికి పట్టదు. 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో 9.3కూ 12.5కూ మధ్య సెంటీస్టోకులు తూగితే అది ముప్పై. అదే నూనె 40 డిగ్రీల దగ్గర సుమారు 100 సెంటీస్టోకులుంటుంది. అంటే వేడెక్కేసరికి చిక్కదనం ఇంచుమించు పదోవంతుకు పడిపోతుందన్నమాట.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ చిక్కదనం ద్రవ్యంలో ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది? ఇంజనీర్ల సంఘంవారు ఈ ప్రశ్న జోలికి పోలేదు. మన తార్కికులు పోయారు. అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రకారం గుణాలు 24. అందులో ద్రవత్వం ఒకటి, స్నేహం ఒకటి. వస్తువు మొట్టమొదట జారడానికి కారణం ద్రవత్వం. పిండి ముద్దకట్టడానికి కారణం స్నేహం. ద్రవత్వం మళ్లీ రెండు రకాలు. నీటిది పుట్టుకతో వచ్చింది, సాంసిద్ధికం. నేతిదీ బంగారందీ నిప్పు తగిలితే వచ్చేది, నైమిత్తికం. స్నేహమో, నీటికొక్కదానికే ఉంది. మరి నూనెకు జిడ్డు ఎక్కడిది? అది నీటి గుణమే అయితే నీరు నిప్పును ఆర్పుతుంటే నూనె దాన్ని మండిస్తుందేం? కారికావళి రాసిన విశ్వనాథ పంచాననుడు దీనికి తడుముకోలేదు. నూనెలో ఉన్నదీ నీటి స్నేహమేనట. కాకపోతే అక్కడ అది మేలురకం, ఆ ప్రకర్ష వల్లనే నిప్పుకు అనుకూలిస్తుందట. రసాయనశాస్త్రం ముందు ఈ వాదం ఒక్క క్షణం నిలవదు. నిలవకపోతే పోనీండి. దీపపు సెమ్మె ముందు కూర్చుని, ఈ నూనె ఏ గానుగదని అడగకుండా ఇదెందుకిలా ప్రవర్తిస్తోందని అడిగినవాళ్లు వాళ్లు.

ఇలాంటివారి చేతికి 10డబ్ల్యూ-30 అనే సీసా ఇస్తే ఎంత సంబరపడేవారో! ఒకే నూనె, రెండు అంకెలు. సరిగ్గా ఇలాంటి తగవే వాళ్లకు బట్టల దగ్గర వచ్చింది. రంగురంగుల దారాలతో నేసిన బట్టది ఏ రంగు? చిత్రం అనే ఒక ప్రత్యేకమైన రంగు ఉంది, అదే దాని రంగు అన్నారు ప్రాచీనులు. అన్నంభట్టు కూడా దాన్ని ఏడో రంగుగా లెక్కలో వేసుకున్నాడు. అదేమీ లేదు, బట్టలో ఏ దారమున్న చోట ఆ దారం రంగే ఉంటుందని నవ్యుడైన రఘునాథ శిరోమణి పక్షం. ఆయన పోచంపల్లి చీర చూసి ఉండడు. అక్కడ దారమే ముక్కముక్కకూ ఒక రంగు వేసుకుని మగ్గం ఎక్కుతుంది. చూసి ఉన్నా ఒప్పుకునేవాడు కాదు లెండి, దారాన్ని పోగులుగా, పోగుల్ని పీచులుగా విడదీసి మరో వంద పుటలు రాసేవాడు. ఆ వంద పుటలు నేను ఇష్టంగా చదివేవాణ్ణి.

ఎక్కడున్నాం? అంకె దగ్గర. 10డబ్ల్యూ-30కి ఉన్నవి రెండు చిక్కదనాలా, ఒకే చిత్ర చిక్కదనమా? అసలు అది చలిలో కూడా పారే పలచటి నూనె. అందులో కలిపిన పాలిమర్లు చలికి ముడుచుకుంటాయి, వేడికి విచ్చుకుంటాయి. అలా విచ్చుకోవడం వల్ల 100 డిగ్రీల దగ్గర ముప్పై అంత చిక్కగా తూగుతుంది. వాడగా వాడగా పాలిమర్లు నలిగి తెగి, ముప్పై కాస్తా కిందికి దిగుతుంది. ప్రాచీనులూ నవ్యులూ చెరిసగం గెలిచారు.

డబ్ల్యూ అంటే వింటర్. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి ఉంటే ఒట్టి ముప్పైతో యంత్రం మొరాయిస్తుందనీ, 80 దాటితే 10డబ్ల్యూ-30 ఎక్కువ ఖర్చవుతుందనీ కొన్ని పుస్తకాల్లో పట్టిక ఉంటుంది. తైలాచార్యులు ఈ పట్టిక పట్టుకుని గంటలు గడుపుతారు. అయ్యలారా, ఆ చలిలో గరిక నిద్రలో ఉంటుందని ఇందాకే మనవి చేశాను. నిద్రపోయే గడ్డిని ఎవడు కోస్తాడు? కోత నడిచే వేసవిలో ఇక్కడ 80 దాటని పగలు అరుదు, జులైలో 100 మామూలు. మిన్నెసోటాలో మంచు తోసే యంత్రానికి పనికొచ్చే చర్చ ఇది. డాలస్ గరికకు, యంత్రం పుస్తకం ప్రత్యేకించి వద్దంటే తప్ప, ఒట్టి ముప్పై సరిపోతుంది.

పూర్వపక్షం: సింథటిక్ మేలు కదా? మేలే. చలికీ వేడికీ రెంటికీ తట్టుకుంటుంది, కాదన్నదెవరు? ఈ పక్షం వహించే ఒక పెద్దమనిషిని, "మీరు ఆఖరుసారి నూనె ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాను. "మార్చడమెందుకండీ, సింథటిక్ కదా!" అన్నారు.

ఇక సీసా మీది అక్షరాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోలు ఇంజన్ల నూనెలకు ఎస్‌ఏతో మొదలుపెట్టి వరసగా అక్షరాలిచ్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఐ, కె, ఓ లను దాటవేసింది. 2020లో ఎస్‌పి, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. చిన్న ఇంజన్ల పుస్తకాలు ఎస్‌ఎఫ్ గానీ ఎస్‌జె గానీ, ఆపైది ఏదైనా గానీ చాలంటాయి. అంటే ఇవాళ పేరున్న దుకాణంలో అలమర మీద కనిపించే పెట్రోలు కారు నూనె దాదాపు ఏదైనా ఈ పరీక్ష నెగ్గుతుంది. మరి గడ్డి యంత్రం బొమ్మ వేసిన చిట్టి సీసా ఎందుకు? వెనక్కి తిప్పి చదవండి. అదే ఎస్‌ఏఈ, అవే అక్షరాలు. ఔన్సుల లెక్కన ధర కట్టుకుని చూస్తే ఆ బొమ్మ గీసిన చిత్రకారుడికి మనం ఎంత ఇచ్చుకుంటున్నామో తెలుస్తుంది. మా నూనే పోయాలి, లేకపోతే వారంటీ లేదు అన్నట్టు ధ్వనించే వాక్యం ఇంకొకటి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. తమ బ్రాండు సరుకే వాడాలన్న షరతు వారంటీకి తగిలించాలంటే ఆ సరుకు ఊరికే ఇవ్వాలి, లేదా ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఇది తెలిసిన రచయితలు "వాడవలెను" అనకుండా "సిఫారసు చేయుచున్నాము" అని, శాపాన్ని మాత్రం మరుసటి వాక్యంలో ఉంచుతారు. అలంకారశాస్త్రంలో దీన్ని ఏమంటారో గానీ మా ఊళ్లో మాత్రం మంచి మాట అనరు.

ముదముతోడ: యతి కోసం తెచ్చిపెట్టిన పదమని గిట్టనివారంటారు. కాదు. కొన్నందుకు అభినందనలంటూ పుస్తకం మొదటి పుటలో కురిపించిన ముదమంతా ఇందులో ధ్వనిస్తోంది.

కొలతపుల్లను: ఇక్కడ ఘోరమైన పాఠభేదం ఉంది. పుల్లను తుడిచి, మూత బిగించి తీసి చూడమని ఒక కంపెనీ సంప్రదాయం. బిగించవద్దు, ఊరికే ఆనించి తీసి చూడమని మరో కంపెనీ సంప్రదాయం. ఒకరి పద్ధతిలో చూసి మరొకరి యంత్రంలో పోస్తే కొలత తప్పుతుంది. ఇంత ముఖ్యమైన మాటను ఒక బొమ్మ కింద చిన్న అక్షరాల్లో దాచి, బ్రాండు పేరును మాత్రం పుటపుటకూ అచ్చేశారు.

గీతకుఁ గొంచెమైన మించనీకుండ: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. చాలా తోపుడు యంత్రాల్లో నూనె పంపు లేదు, నూనె ఫిల్టరు లేదు. లోపల తిరిగే ఒక చిన్న భాగం అడుగున ఉన్న నూనెను చిమ్మితే ఆ తుంపరే అన్నిటికీ ఆధారం. మొత్తం నూనె అరలీటరు అటూఇటూ. ఉన్న మురికంతా ఆ అరలీటరులోనే చేరుతుంది. గీత దాటితే పొగ, గాలి ఫిల్టరులోకి నూనె. మరీ తగ్గితే ఇంజను పట్టేస్తుంది. తాత్పర్యమేమనగా, ఏ సీసా కొన్నారన్నది చిన్న సంగతి. ఎంత పోశారు, ఎప్పుడు మార్చారు అన్నవి పెద్ద సంగతులు. కొత్త యంత్రానికి చాలా పుస్తకాల ప్రకారం మొదటి మార్పు 5 గంటల వాడకానికే. ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి.

మేలు గలుగు: ఫలశ్రుతి. వ్యాఖ్య అక్కర్లేదు.

అనుక్తం. మూలంలో పోయుఁడు అనే ఉంది గానీ తీయుఁడు అని లేదు. ఈ లోపం నాది కాదు, యంత్రంది. చాలావాటికి పాత నూనె దిగడానికి అందుబాటులో ఒక బెజ్జం కూడా ఉండదు. స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, గాలి ఫిల్టరు పైవైపుకు ఉండేలా యంత్రాన్నంతా పక్కకు వంచి, పోసిన నోటితోనే కక్కించాలి. వైపు మారిస్తే నూనె గాలి ఫిల్టరులోకి పోయి మళ్లీ మొదటికి వస్తాం. నూనె తరగతుల మీద అంత ధర్మశాస్త్రం రాసినవాళ్లకు ఒక మరమేకు పెట్టడానికి చేతులు రాలేదు. పట్టిన నల్లనూనెను డబ్బాలో పోసి తీసుకెళ్తే కార్ల విడిభాగాలమ్మే దుకాణాలు చాలావరకు ఊరికే పుచ్చుకుంటాయి, వీధి కాలవలో పోయకండి. ఈ తీయు విధానమంతటికీ తేటగీతి చాలదు, సీసం కావాలి. చేతులు కడుక్కుని వచ్చాక చూద్దాం.