చర్చ చల్లగా వర్ధిల్లాలి

భూమి వేడెక్కుతోందా, లేదా? ఈ సంగతి మీద ఇంకా చర్చ నడుస్తోందని విన్నప్పుడల్లా మనిషి ఓపిక మీద నాకు గౌరవం పెరుగుతూ ఉంటుంది. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టం మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కింది. తీసి పక్కన పెడితే ఓ పట్టాన చల్లారలేదు. 1896లో స్వీడన్‌లో అర్హీనియస్ అనే శాస్త్రవేత్త, గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు. చలిదేశం మనిషి కదా, ఆ వేడేదో వస్తే మంచిదేనని, పంటలు బాగా పండుతాయని సంబరపడ్డాడు కూడా. ఎండలకు పేరుమోసిన మన రెంటచింతల వాళ్లనెవర్నీ అడిగినట్టు లేదు. 1958 నుంచి హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలయ్యాయి. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లున్న వాయువు ఇప్పుడు 420 దాటిపోయింది. కొలతలు మొదలయ్యాక 2024 అంత వేడి సంవత్సరం ఇంకోటి లేదని, పరిశ్రమలు రాకముందు రోజులతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీ పైచిలుకే పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పేసింది.

అయినా తొందరపడకూడదు. గట్టిగా నూట డెబ్బై ఏళ్లు కూడా గడిచీ గడవలేదు. మన సివిల్ కోర్టుల్లో పొలం గట్టు తగాదాకైనా ఆమాత్రం వ్యవధి ఇస్తాం.

ఈ చర్చలో తలపండినవాళ్లు ఎందరున్నా అగ్రతాంబూలం మాత్రం ఓక్లహోమా సెనేటర్ జిమ్ ఇన్‌హోఫ్‌కే ఇవ్వాలి. 2015 ఫిబ్రవరి 26న ఆయన అమెరికా సెనేట్‌లో లేచి నిలబడి, ప్లాస్టిక్ సంచిలోంచి ఒక మంచుముద్ద తీశారు. పోయినేడాది రికార్డు వేడి అంటున్నారు కదా, ఇదేమిటో చూడండి, ఇప్పుడే బయటినుంచి వచ్చింది, బయట ఎముకలు కొరికే చలి, కాలం కాని కాలం చలి, అన్నారు. అని దాన్ని సభాధ్యక్ష స్థానం వైపు విసిరారు. ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో మంచు పడితే అది కాలం కాని కాలం ఎలా అయిందో ఆయనకే తెలియాలి. ఈయన దారినపోయే దానయ్య కాదు, అప్పట్లో సెనేట్ పర్యావరణ కమిటీకి ఛైర్మన్. భూతాపమంతా బూటకమని 2012లో పుస్తకం అచ్చేసిన గ్రంథకర్త.

మంచుతో ఆయన కుటుంబానికి పాత అనుబంధమే. 2010 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో మంచు దిట్టంగా కురిస్తే, పార్లమెంటు భవనం దగ్గర్లో ఆయన కుటుంబం మంచు గుడిసె కట్టి, భూతాపం మీద హెచ్చరికలు చేసే మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కు ఇది కొత్త ఇల్లని బోర్డు పెట్టింది. ఆ 2010 సంవత్సరమే చివరికి, 2005తో పాటు, అప్పటిదాకా నమోదైన వేడి సంవత్సరాల్లో మొదటి స్థానంలో నిలిచింది. మంచుముద్ద విసిరిన 2015 దాన్ని, దాని తర్వాతి రికార్డులను కూడా తుడిచిపెట్టేసింది. సెనేటర్ గారింట్లో ఎవరైనా మంచు ముట్టుకున్నారని తెలిస్తే మనం ఇక్కడ ఇంకో మట్టికుండ కొనుక్కోవాలన్నమాట.

ఇంకో ముచ్చట. మంచుముద్దకు నెల ముందే, జనవరి 21న, వాతావరణం మారుతున్న మాట నిజమే, బూటకం కాదని అదే సెనేట్ 98-1 ఓట్లతో తీర్మానించింది. ఆ 98లో ఇన్‌హోఫ్ గారి ఓటు కూడా ఉంది! వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, దాన్ని మనిషి మార్చగలడనుకోవడమే అహంకారం, అని వివరణ ఇచ్చుకున్నారు. కర్ర విరగలేదు, పాము చావలేదు.

మూడు నెలలు తిరిగేసరికి మన వైపు మే నెల వచ్చింది. ఎండ 47 డిగ్రీల దాకా పోయింది. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి దాదాపు రెండు వేల మంది వడదెబ్బకు పోయారు. కూలీలు, ముసలివాళ్లు, ఇల్లూవాకిలీ లేనివాళ్లు. మనవాళ్లు కూడా ప్లాస్టిక్ సంచిలో కాస్త వడగాలి పట్టి సెనేట్‌కు పంపి ఉండాల్సింది, పంపలేదు. పంపినా చెల్లదు. ఒక ఊళ్లో ఎండ మండినంత మాత్రాన భూగోళం వేడెక్కినట్టు కాదని మన పక్షాన వాదించాల్సిన శాస్త్రవేత్తలే ముందుగా అంటారు. ముప్ఫై ఏళ్ల సగటు పట్టుకురమ్మంటారు. న్యాయమే. అవతలివాడికి మాత్రం గుప్పెడు మంచు చాలు. ఈ చర్చలో ఇదొక విశేషం: నిజం చెప్పేవాడు బస్తాలకొద్దీ లెక్కలు మోసుకు తిరగాలి, కాదనేవాడు చేతులూపుకుంటూ రావచ్చు.

కాదనేవాళ్లంతా తెలియక కాదంటున్నారని జాలిపడేవాళ్లున్నారు. అంత జాలి అక్కర్లేదు. ఎక్సాన్ చమురు కంపెనీలో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1977లోనే యాజమాన్యాన్ని కూర్చోబెట్టి, చమురూ బొగ్గూ కాలిస్తే భూమి వేడెక్కుతుందని విడమరిచి చెప్పాడు. కంపెనీ నమ్మింది కూడా. తన చమురు ఓడలో పరికరాలు బిగించి సముద్రం మీద గాలినీ నీటినీ కొలిపించింది. వాళ్ల శాస్త్రవేత్తలు అప్పట్లో వేసిన అంచనాలను 2023లో సైన్స్ పత్రికలో పరిశోధకులు సరిచూస్తే, పదేళ్లకు రమారమి 0.2 డిగ్రీ చొప్పున పెరుగుతుందన్న లెక్క దాదాపు అక్షరాలా నిజమైంది. ఇంత బాగా లెక్క కట్టగలిగిన కంపెనీకి పెద్ద అయిన లీ రేమండ్ 1997లో బీజింగ్ వెళ్లి, ఇరవై ఏళ్ల కిందటికన్నా భూమి ఇప్పుడు చల్లగా ఉందని ఉపన్యాసం ఇచ్చారు. సొంత ఉద్యోగుల మీద ఇంత అపనమ్మకం ఉన్న యజమానిని నేనింకెక్కడా చూడలేదు.

షెల్ వాళ్లది ఇంకో దారి. 1989లో ఉత్తర సముద్రంలో కట్టబోయే గ్యాస్ ప్లాట్‌ఫామ్ ఎత్తును ఒకటి రెండు మీటర్లు పెంచారు. ఎందుకయ్యా అంటే సముద్రమట్టం పెరుగుతుందని. అదే సమయంలో, భూమి వేడెక్కుతున్నట్టు ఇంకా తేలలేదని ఊరూవాడా ప్రచారం చేసే కంపెనీల కూటమిలోనూ సభ్యులుగా ఉన్నారు. జనానికి అనుమానం, ఇనుప స్తంభాలకు అదనపు మీటరు. 1998లో అమెరికా పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పిలిచిన సమావేశంలో తయారైన పథకం ఒకటి పత్రికలకు చిక్కింది. సామాన్యుడు 'ఈ శాస్త్రంలో ఇంకా ఏదీ తేలలేదట' అనుకున్న రోజున మనం గెలిచినట్టు అని అందులో తాత్పర్యం. గమనించండి, వాదనలో నెగ్గాలని వాళ్లెక్కడా రాసుకోలేదు. వాదన ఆగకుండా ఉంటే చాలు. వాయిదా పడిన ప్రతి ఏడాదీ అమ్ముడుపోయిన చమురే కదా.

నిజాయతీగా అనుమానించినవాళ్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు పాత ఉష్ణోగ్రతల లెక్కల మీద నమ్మకం కుదరక, మొత్తం మళ్లీ తానే మొదటినుంచి కడతానన్నాడు. చమురు, బొగ్గు వ్యాపారాలున్న కోక్ కుటుంబపు ఫౌండేషన్ కూడా ఆ పనికి చందా ఇచ్చింది. కాదనేవాళ్లలో పేరున్న ఆంథొనీ వాట్స్, ముల్లర్ ఏం తేలిస్తే అది ఒప్పుకుంటాను, నా అభిప్రాయం తప్పని తేలినా సరే, అని 2011 మార్చిలో ప్రకటించాడు. అదే ఏడాది లెక్క తేలింది: భూమి వేడెక్కుతున్న మాట నిజమే. మరుసటి ఏడాది ముల్లర్ ఇంకో అడుగు వేసి, కారణం మనిషేనని పత్రికలో రాశాడు. వాట్స్ ఒప్పుకున్నాడా? పద్ధతి బాగాలేదన్నాడు.

శాస్త్రవేత్తల వైపు తప్పులే జరగలేదని నేననను. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికే కరిగిపోవచ్చని రాసి పడేశారు. అది ఉత్త తప్పు. అప్పట్లో మన పర్యావరణ మంత్రిగా ఉన్న జైరాం రమేష్ అలా కాదని మరో పత్రం బయటపెడితే, ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని క్షుద్రవిద్యతో పోల్చారు. తీరా 2010 జనవరిలో ఐపీసీసీయే తప్పు ఒప్పుకుని దిద్దుకుంది. వేల పేజీల్లో దొరికిన ఆ ఒక్క సంఖ్యతో కాదనేవాళ్లు ఏళ్లకేళ్లు పండగ చేసుకున్నారు. హిమానీనదాలు మాత్రం, 2035 గడువు తప్పిందన్న ఊరట కూడా లేకుండా, తమ మానాన తాము కరుగుతున్నాయి.

ఇక పెద్దల మాటలకొస్తే, డొనాల్డ్ ట్రంప్ 2012లో ఇది చైనావాళ్ల సృష్టి అన్నారు, 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో నిలబడి ప్రపంచంలో ఇంతకు మించిన మోసం లేదన్నారు. మధ్యలో రెండుసార్లు పారిస్ ఒప్పందం నుంచి దేశాన్ని బయటకు తెస్తున్నట్టు ప్రకటించారు. మాట మీద నిలబడే మనిషి. మన ప్రధాని మోదీని 2014 ఉపాధ్యాయ దినోత్సవాన అస్సాం విద్యార్థి ఒకరు ఇదే సంగతి అడిగితే, ఇంట్లో పెద్దవాళ్లు ఈసారి చలి ఎక్కువగా ఉందంటారు, పెరిగింది చలి కాదు, తగ్గింది వాళ్లు తట్టుకునే శక్తి, అని పోలిక చెప్పారు. ఆ మరుసటి ఏడాది పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడితో కలిసి అంతర్జాతీయ సౌర కూటమిని ప్రారంభించారు. ఏడాదిలో అభిప్రాయం ఆమాత్రం వేడెక్కడం ఆరోగ్యకరమే.

మనకు ఈ చర్చకు సెనేట్ లేకపోయినా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టుకుపోయినప్పుడు డాలస్‌లో ఉన్న పిల్లలు పంపిన వీడియోలు ఇలాంటి గ్రూపులన్నిటికీ చేరాయి. "గ్లోబల్ వార్మింగ్ అన్నారు, ఏదండీ?" అని కింద ఒక వ్యాఖ్య, దాని పక్కన మూడు నవ్వు బొమ్మలు. అదే పెద్దమనిషి మే నెలలో రాసేది వేరు: "కరెంటు పోయి పావుగంటైంది, జనరేటర్ వేయరేం? మెయింటెనెన్స్ ఎందుకు కడుతున్నట్టు?" ఎవరైనా ఎండలు పెరిగాయంటే మాత్రం ఊరుకోడు. "ఎండలు కొత్తా? మా తాతల కాలంలో రోహిణీ కార్తెలో రోళ్లే పగిలేవి" అంటాడు. తాతగారు పగలు రోలు పగిలినా రాత్రి ఆరుబయట నులకమంచం మీద నిద్రపోయాడు. ఈయన రాత్రి రెండింటికి ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, ఆ వేడి బాల్కనీలోంచి పక్కవాడి కిటికీలోకి వదులుతూ ఈ మెసేజీ పెడుతున్నాడు.

ప్రభుత్వాల సంగతికొస్తే, విపత్తు నిధికి సంబంధించి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా ఒకటుంది. అందులో తుపానుంది, కరువుంది, భూకంపముంది, ఆఖరికి చలిగాలులూ ఉన్నాయి. 2025 నాటికి కూడా వడగాడ్పులు లేవు! చేర్చమని రాష్ట్రాలు అడిగితే, ఉన్న జాబితా చాలునని 15వ ఆర్థిక సంఘం తేల్చింది. ఇన్‌హోఫ్ గారు చూసుంటే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఇంత వేడి దేశంలో చలికి ఇంత ఆదరణ!

ఈ ప్రపంచ చర్చకు అసలైన వేదిక న్యూయార్కూ కాదు, పారిసూ కాదు. మండలంలో త్రిసభ్య కమిటీ ఉంటుంది: తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు. ఫలానా మనిషి ఎండ వల్లే పోయాడా, మామూలుగా పోయాడా అన్నది వాళ్లు తేల్చాలి. తేలితేనే పరిహారం. అక్కడ సంభాషణ ఎలా సాగుతుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

"మీ ఆయనకి బీపీ ఉందా అమ్మా?"

"ఉందయ్యా, గోలీలేసుకునేవాడు."

"చుట్టలు కాల్చేవాడా?"

"అప్పుడప్పుడూ."

"మరి గుండె ఆగి పోయాడేమో. ఎండకే పోయాడని ఎట్టా చెబుతావు?"

"పొద్దున చద్దన్నం తిని బాగానే పోయాడయ్యా. మధ్యాహ్నం గట్టు మీద పడిపోయాడు. ఒళ్లు పెనంలాగా ఉంది."

"ఒళ్లెంత వేడిగా ఉందో అప్పుడు ఎవరైనా కొలిచారా?"

ఎవరూ కొలవలేదు. పొలం గట్టు మీదకి థర్మామీటరు తీసుకెళ్లే అలవాటు మనకింకా రాలేదు. వడదెబ్బ తగిలినవాడి ఒంటి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. చివరికి ఆగేది మాత్రం గుండే. గుండె జబ్బున్నవాళ్లూ ముసలివాళ్లే ఎండకు ముందు రాలిపోతారన్నది వైద్యంలో మొదటి పాఠం. కానీ ఆ జబ్బే కాగితం మీద ఎండకు నిర్దోషి సర్టిఫికెట్టుగా మారుతుంది. చమురు కంపెనీ అడిగిందీ ఇదే: ఎండ పెరగడానికి మేమే కారణమని రుజువేది, సూర్యుడేమో, అగ్నిపర్వతమేమో? తహసీల్దారు పాపం జీతం రాళ్ల కోసం అడుగుతాడు. చమురువాళ్లు అడిగినంతసేపూ లాభం గడించారు. రుజువు తెచ్చుకోవాల్సిన బరువు రెండు చోట్లా పోయినవాడి మీదే.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, పరిహారం నాలుగు లక్షలు చేసింది. మంచి పని. కాగితాల బెడద మాత్రం తీరలేదు.

అందుచేత పాఠకులకు ఒక మనవి. ఈ వేసవిలో పొలానికో పనికో వెళ్లే మీవాళ్లకు మజ్జిగ సీసాతో పాటు ఈ ముక్క కూడా చెప్పి పంపండి. ఎవరైనా సొమ్మసిల్లితే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పటికే ప్రాణం పోతే, ఎంత దుఃఖంలో ఉన్నా పోస్టుమార్టం చేయించకుండా దహనం చేయకండి. అది లేకపోతే ఆ మనిషి ఎండకు పోయాడని కమిటీ ముందు నిలబెట్టడం కష్టం.