పద్నాలుగు కోర్ల బావ

మా బావకు ఎర్రగుంట్లలో డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కర్మకాండల కార్డులు, బండలాగుడు పోటీల పాంప్లెట్లు, ఎన్నికలొస్తే రెండు పార్టీల కరపత్రాలూ ఒకే టేబుల్ మీద తయారవుతాయి. మనిషి మంచోడు. కానీ రెండు వస్తువులు ఒకచోట కనబడితే చాలు, ఏది గొప్పదో తేల్చడానికి కూచుంటాడు. పొద్దు గుంకుతుంది, తేలదు. తేలకపోవడమే ఆయనకు కావాల్సిందని నా అనుమానం.

ఇది వంశపారంపర్యం. వాళ్ల నాయన బోరు మోటర్ల మీద ఇట్లాగే పంచాయితీ పెట్టేవాడు. ఐదు హార్స్‌పవర్‌ది మేలా, ఏడున్నరదా? రాత్రి సంగటి చల్లారిపోయేదాకా సాగేదట. రెండు బోర్లలోనూ నీళ్లు లేవన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కొడుకు కాలానికి మోటరు పోయి ప్రాసెసర్ వచ్చింది.

షాపులోని పాత మిషన్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-2600. 2011 నాటి డెస్క్‌టాప్ ప్రాసెసర్. నాలుగు కోర్లు, వేగం 3.4 గిగాహెర్ట్జ్, అవసరం పడితే 3.8 దాకా ఎగబాకుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు నాయన మీద ప్రేమతో ఎస్పీ రోడ్డంతా తిరిగి, ఏదో ఆఫీసు సర్వర్లోంచి ఊడదీసి అమ్మిన జియాన్ ఈ5-2680 వి4 ఒకటి, దానికి సరిపడే చైనా బోర్డు ఒకటి కొని, డబ్బాలో బిగించి మోసుకొచ్చాడు. అది 2016 నాటిది. పద్నాలుగు కోర్లు, ఇరవై ఎనిమిది థ్రెడ్లు, పాతదానికి 8 ఎంబీ క్యాష్ ఉంటే దీనికి 35. వాడు మేలు చేశాననుకున్నాడు పాపం. చేసిందేమంటే, ఇన్నాళ్లూ ఏకగ్రీవంగా నడిచిన షాపులోకి ఎదురుపార్టీని తెచ్చిపెట్టాడు.

మొదటి రోజే గొడవ. బావ కొత్త డబ్బాను వెనక్కి తిప్పి, మానిటర్ వైరు దూర్చే చోటు కోసం వెతికాడు. లేదు. సెల్‌ఫోన్ టార్చి వేసి, మోకాళ్ల మీద కూచొని మళ్లీ వెతికాడు. ఆ జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదనీ, బొమ్మ కనబడాలంటే వేరే కార్డు వేయాలనీ మేనల్లుడు చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. “పద్నాలుగు కోర్లుండి ఏం లాభమబ్బా, మొగం చూపిచ్చల్యాకపాయె!” అని పాతదానికి ఒక మార్కు వేశాడు.

మార్కులంటే నిజంగా మార్కులే. అచ్చుతప్పు పడి మిగిలిపోయిన పెళ్లికార్డుల వెనక స్కేలుతో గీత కొట్టి, ఎడమపక్క డెస్క్‌టాప్, కుడిపక్క సర్వర్ అని రాస్తాడు. ముందువైపు వధూవరుల పేర్లు, వెనక వీటి జాతకాలు. ఎడమ 95 వాట్లు, కుడి 120 వాట్లు. తేడా 25, రోజుకు పది గంటలు, అంటే నాలుగు రోజులకు ఒక యూనిట్ అదనం. ఆ అంకె ప్రాసెసర్ వెళ్లగక్కే వేడికి సంబంధించినది, మీటరు సరిగ్గా అంతే తిరగాలని ఏమీ లేదని మేనల్లుడు ఎంత మొత్తుకున్నా వినడు. వాళ్ల మండలంలోనే ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం ఉంది. “పొగ మాకు, కరెంటు అందరికీ, బిల్లు మళ్లా మాకే. లెక్కేసుకోకుంటే ఎట్ల?” అంటాడు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అసలు గుట్టు పేజ్‌మేకర్‌లో ఉంది. మన తెలుగు డీటీపీ షాపులు చాలావాటిలో ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7.0. అడోబీ దాన్ని విడుదల చేసింది 2001లో; ఆ తర్వాత కొత్తది తేలేదు. మామూలు డెస్క్‌టాపుల్లోకి రెండు కోర్ల ప్రాసెసర్లు 2005లో గానీ రాలేదు. అంటే అది ఒంటి కోరు కాలంలో పుట్టిన సాఫ్ట్‌వేర్, ఒక్క కోరుతోనే పని కానిస్తుంది. పద్నాలుగు మంది వంటవాళ్లను పిలిపించి ఒక్క కారందోశ వెయ్యమన్నట్టు, తక్కిన పదమూడు కోర్లూ చేతులు కట్టుకొని చూస్తుంటాయి. ఆ పనిచేసే ఒక్కటైనా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. కొత్త డిజైన్ కాబట్టి ఒక్కో టిక్కుకు కాస్త ఎక్కువ పని చేస్తుంది, వేగంలో కాస్త వెనకబడుతుంది. పెళ్లికార్డు దగ్గర రెండూ ఇంచుమించు సమానం. అదే పక్క షాపులో పెళ్లి వీడియోలు కత్తిరించే కుర్రాడి చేతికి ఈ జియాన్ దొరికితే, వీడియో మార్చేటప్పుడు పద్నాలుగు కోర్లకూ చెమటలు పట్టిస్తాడు, పాత ఐ7 దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ పిల్లోడు రోజూ టీ నెపంతో వచ్చి ఆ డబ్బాను ఆశగా చూసి పోతుంటాడు.

ఇదంతా బావకు తెలియక కాదు. పంచడానికి వీల్లేని పని ఎంత ఉంటే అంతమేరకు కోర్లు పెంచీ ప్రయోజనం లేదని 1967లోనే జీన్ ఆమ్డాల్ చెప్పిన సంగతి నాకు మొదట చెప్పింది ఆయనే. చక్కగా విడమరిచి చెప్పి, “పనిని బట్టి ఉంటాది” అని తేల్చేసి, నేను చెప్పులేసుకునేలోగా “కానీ...” అంటాడు. ఆ ‘కానీ’ తర్వాత భోజనం కూడా అక్కడే.

ఒకసారి ర్యామ్ మీద పడ్డాం. సర్వర్ ర్యామ్‌లో ఈసీసీ ఉంటుంది, ఒక బిట్టు తారుమారైతే దానంతటదే సరిచేసుకుంటుంది, రెండు తారుమారైతే సరిచేయలేదు గానీ పసిగడుతుంది. బావ శ్రద్ధగా విని అడిగాడు: “పెండ్లికూతురు పేరులో ఒత్తు పోతే దిద్దుతాదా?” దిద్దదన్నాను. “అట్లయితే నాకు మీ అక్కే నయం” అన్నాడు. ప్రూఫులు దిద్దేది అక్కే. లోపల సంగటి కెలుకుతున్న అక్క చెవిన ఆ మాట పడే ఉంటుంది. ఆ రోజు నా విస్తట్లో నెయ్యి కాస్త ధారాళంగా పడింది.

మే నెల వస్తే ఇంకో ముచ్చట. కడప జిల్లాలో 43, 44 డిగ్రీలు మామూలే. ఎంత పెద్ద ఫ్యాన్ బిగించినా ప్రాసెసర్ గదిలోని గాలికన్నా చల్లబడదు గదా. పైగా ఎర్రగుంట్లంటే సిమెంటు, బండల పాలిష్. హీట్‌సింక్ రేకుల సందుల్లో బూడిదరంగు పొడి మెత్తగా పేరుకొని, గోటితో గీరితే అట్ట కట్టినట్టు ఊడొస్తుంది. బావ పెయింటు బ్రష్‌తో ఒక్కో సందూ ఊడ్చి, రెండు డబ్బాల పక్క రేకులూ విప్పేసి, టేబుల్ ఫ్యాన్‌ను సరిగ్గా నడిమధ్యన పెడతాడు. పక్షపాతం ఉండకూడదట.

ఎర్రగుంట్ల మండలంలోదే కలమళ్ల. క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల శాసనం, పండితులు తొలి తెలుగు శాసనంగా చెప్పేది, ఆ ఊరిదే. తెలుగు అక్షరాలు కూర్చి బతికేవాడు కాబట్టి బావకు దానిమీద గురి. ఒక కార్డు వెనక దానికీ గడి గీశాడు: కోర్లు సున్న, కరెంటు సున్న, వారంటీ పద్నాలుగు వందల ఏండ్లు దాటె.

ఇంత ప్రేమగా రాస్తున్నాను గానీ నాకూ ఒక మంట ఉంది. మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో ల్యాప్‌టాప్ ఏది కొనాలని ఈయన్ని అడిగాం. “తొందరపడాకండి, పోల్చి చెప్తా” అన్నాడు. పిల్ల స్నేహితురాళ్ల ల్యాప్‌టాపుల మీద ప్రాజెక్టులు చేసుకొని డిగ్రీ గట్టెక్కింది. మొన్న ఫోన్ చేసి, “ఆ రెండిట్లో మొదటిదే మేలనిపిస్తాంది” అన్నాడు. ఆ మోడల్ అంగట్లో దొరకడమే మానేసింది. పోనీ నేను ఆయన ఫోన్ ఎత్తడం మానేశానా? లేదు. కర్నూల్లో కూచొని, నాకు ఏ సంబంధమూ లేని జియాన్ తరఫున వకాల్తా పుచ్చుకొని, అర్ధరాత్రి దాకా వాదించాను.

మేనల్లుడు మొన్న సెలవులకొచ్చి, తమ ఆఫీసు సర్వర్లలో ఏఎమ్‌డీ ఎపిక్ 9654 ఉందనీ, ఒక్కదాంట్లోనే 96 కోర్లనీ చెప్పాడు. 2022లో వచ్చినప్పుడు దాని ధర దాదాపు 12 వేల డాలర్లు. బావ రూపాయల్లోకి మార్చుకొని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్న, “దాంట్లో పేజ్‌మేకర్ ఎట్లుంటాది?”

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో ఐ7-2600 లేదు, ఈ జియానూ లేదు. ఇద్దరు అభ్యర్థులకూ డిపాజిట్లు పోయినట్టే, పంచాయితీ ముగిసినట్టే అనుకొని, ఓదార్చడానికి ఫోన్ చేశాను. గొంతులో హుషారు దాచుకోలేకపోతున్నాడు. “ఇంగ మూడోదాన్ని చూడాల గదప్పా! ఈ చిన్న డబ్బాలంట, అరచెయ్యంత ఉండాయి...”

అక్క ఫోన్ లాక్కుంది. “మీ బావ ఇప్పుడు కార్డుకు మూడు గడులు కొడతాండాడు. వెనక తెల్లగుండే కార్డులన్నీ అయిపోయినాయి. మీ కర్నూల్లో యాడన్నా అచ్చుతప్పు కార్డులుంటే ఒక కట్ట పంపీ.”